వంతు ఇంటి ఉపవాసం

ఐదో తరగతి రెండుసార్లు చదివాను కాబట్టి నాది పదో తరగతి చదువేనని మా ఆవిడ లెక్కగట్టింది. ఆ లెక్కను మా మిషను వాళ్ళు ఒప్పుకోలేదు గానీ, గొంతు బాగుంది, సైకిలు తొక్కగలడు, నోరు మూతపడదు అన్న మూడు అర్హతల మీద నన్ను ఉపదేశి శిక్షణకు తీసుకున్నారు. ఏడాది శిక్షణ అయ్యాక, పంతొమ్మిది వందల యాభై తొమ్మిది జూన్‌లో, వజ్రకరూరుకు నాలుగు మైళ్ళ ఎడంగా ఉన్న ఒక పల్లెకు, ఆ పల్లెలో మాదిగవాడకు నన్ను వేస్తూ ఉత్తరువు వచ్చింది.

ఉపదేశి అంటే మా కొలువులో అడుగుమెట్టు. అందరికన్నా పైన మిషను తెల్లదొరగారు, ఆయన కింద పాదిరి అయ్యగారు, ఆయన కింద మేము, మా కింద సైకిలు. బాప్తిస్మం ఇవ్వడం, సంస్కారపు బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షరసం పంచడం అయ్యగారి పని. అందుకు ఆయన మూడు నెలలకోసారి వచ్చేవారు. మిగిలిన రోజులన్నీ మావి. పొద్దున ప్రార్థన జరపడం, బాప్తిస్మానికి పేరిచ్చిన వాళ్ళకు పది ఆజ్ఞలు కంఠతా పట్టించడం, జబ్బుపడిన వాళ్ళను చూసి రావడం, ఇవన్నీ దినచర్య పుస్తకంలో రాయడం. ఆ పుస్తకాన్ని నెలకోసారి గుంతకల్లులో అయ్యగారి ముందు పెడితే ఆయన తిరగేసి సంతకం చేసేవారు.

ఇంకొక ఆనవాయితీ ఉండేది. పెండ్లాం బిడ్డలు వెంట లేని ఉపదేశికి వాడలోని విశ్వాసుల ఇళ్ళు వంతులవారీగా భోజనం పెట్టాలి. ఈరోజు ఒక ఇల్లు, రేపు పక్క ఇల్లు. దాన్ని వంతు భోజనం అనేవాళ్ళం. మా ఆవిడ కాన్పుకని పామిడిలో పుట్టింటికి పోయి, అక్కడే బడిలో ఆయా పనికి కుదురుకుంది. కాబట్టి నాకు వంతు తప్పదు.

నా చిక్కంతా అక్కడే మొదలైంది. నేను మాలవాడలో పుట్టినవాణ్ణి. ఊరి పెద్దలు మా రెండు వాడలనూ ఒకే దూరంలో పెట్టారు. అయినా మాలో మాకు మెట్లుండేవి. మాదిగ ఇంట్లో నీళ్ళు తాగకూడదని నాకు ఎవరూ పనిగట్టుకుని నేర్పలేదు. నడక ఎలా వచ్చిందో అదీ అలాగే వచ్చింది. క్రీస్తులో అందరూ ఒక్కటేనని శిక్షణలో గట్టిగా పాడి మెప్పు పొందాను. పాడేటప్పుడు నోటితో పనే గానీ కడుపుతో పని లేదు గదా.

మొదటి వంతు సుంకమ్మవ్వ ఇంటిది. ఆమె సంఘపెద్ద ఓబన్నకు తల్లి. అరవై దాటి ఉంటుంది, బాప్తిస్మానికి పేరిచ్చిన వాళ్ళలో అందరికన్నా పెద్దది. సంగటి, నంజుకోను ఊరుబిండి పచ్చడి చేసి గడప దగ్గర నిలబడి పిలిచింది. నేను ఒక్క క్షణం తడబడి, ఈరోజు నాకు ఉపవాసం అవ్వా అన్నాను. ఆమె రెండు చేతులూ జోడించింది. ఆ చేతులు చూసి సిగ్గుపడవలసింది. నేను మాత్రం బయటపడ్డాననుకున్నాను.

వంక దాటి రెండు మైళ్ళు పోతే మరొక పల్లెలో మాలవాడ, అక్కడ మా చిన్నమ్మ ఇల్లు. సందర్శనకు పోతున్నానని చెప్పి సైకిలెక్కి, అక్కడ జొన్నరొట్టెలు తిని తిరిగివచ్చేవాణ్ణి. రోజూ ఉపవాసమంటే నమ్మరని, వారంలో మూడు రోజులు ఉపవాసం, రెండు రోజులు కడుపునొప్పి, మిగిలిన రెండు రోజులు వేరే పల్లెల్లో పని అని పంచుకున్నాను. దినచర్య పుస్తకంలో మూడు ఉపవాసాలూ పద్ధతిగా ఎక్కించాను. నెలసరి కూటంలో అయ్యగారు అది చదివి, ఉపదేశులందరి ముందూ నన్ను నిలబెట్టి, ఇతన్ని చూసి నేర్చుకోండి అన్నారు. పక్కనున్నవాడు నా పొట్ట వైపు చూసి దగ్గాడు.

అబద్ధానికి మెప్పు దొరికాక మనిషికి కూర్చునే చోటు ఉండదు. ఆ రెండేళ్ళూ నేను ఎక్కడా నిలకడగా లేను. ప్రార్థన చెబుతూ తలుపు వైపు చూసేవాణ్ణి, వంతు ఇంటివాళ్ళు వస్తున్నారేమోనని. ఆషాఢపు గాలికి సైకిలు ఎదురు తొక్కుతూ వంక దాటేవాణ్ణి, తిని వస్తూ మూతి తుడుచుకుని, మళ్ళీ తుడుచుకునేవాణ్ణి. బదిలీ కావాలని రెండు అర్జీలు పెట్టుకున్నాను. ఇంత మంచి సేవ జరుగుతున్న చోటునుంచి కదిలించడం కుదరదని జవాబు వచ్చింది.

రెండో ఏడు వాన తప్పింది. బుడ్డల విత్తనం, అదే వేరుసెనగ, భూమిలోనే మాడింది. వాన పడితే వజ్రకరూరు చేలల్లో వజ్రాల కోసం వంగి తిరిగే జనం కూడా ఆ ఏడు రాలేదు. వాడలో ఆడా మగా కరువు పనికి పోయి రోడ్డుకు కంకర కొట్టేవాళ్ళు. అప్పటినుంచి వంతు ఇంటివాళ్ళు పొద్దున్నే వచ్చి, “ఈపొద్దు గూడా ఉపవాసమేనా అయ్యా?” అని వాళ్ళే ముందుగా అడగడం మొదలుపెట్టారు. నా భక్తి మీద వాళ్ళకు గురి కుదిరిందనుకున్నాను. అవునంటే చాలు, గబగబా వెళ్ళిపోయేవాళ్ళు.

సంస్కారానికీ బాప్తిస్మాలకూ అయ్యగారు రావలసిన ఆదివారానికి పది రోజుల ముందు, కంకర కుప్ప దగ్గర సుంకమ్మవ్వ పడిపోయిందని కబురొచ్చింది. నేను పోయేసరికి ఆమెను తుమ్మచెట్టు నీడలో పడుకోబెట్టారు. పెదవులు తెల్లగా పాలిపోయాయి. ఓబన్న తల పక్కన కూర్చుని తడిగుడ్డతో ముఖం తుడుస్తున్నాడు. ఏమైందన్నా అని అడిగాను.

“నిన్న మా వంతు గదయ్యా. నువ్వు ఉపవాసమంటివి. మా యమ్మ పొయ్యే ముట్టించల్యా. పోయిన వంతుకు గూడా అంతే. నువ్వు మాకోసరం పస్తుంటే వంతు ఇల్లు తింటే బాగుండదని వాడంతా ఎప్పుడో అనుకున్యారు.”

అంటే నేను ఉపవాసమన్న ప్రతి రోజూ ఒక ఇల్లు పస్తు పడుకుంది. ఆ మాట విన్నప్పుడు నా కడుపులో చిన్నమ్మ చేసిన రొట్టెలు రెండున్నాయి. నేను సైకిలెక్కి వజ్రకరూరు దారిలో సగం దూరం పోయి, ఎందుకు పోతున్నానో తెలియక వెనక్కి తిప్పి, మళ్ళీ పోయాను. అలా మూడు రోజులు తిరిగాను. నిజం చెబితే ఉద్యోగం పోతుంది. చెప్పకపోతే ముసలమ్మ పోతుంది. నాకున్న తెలివితో ఒక మధ్యదారి వెదికాను. ఆదివారం ప్రార్థనలో లేచి, ఇక ఉపవాసాలు చాలించమని దేవుడు నాకు తెలియజేశాడని చెప్పాను. అందుకు తగిన వాక్యం కూడా ఒకటి చూసుకున్నాను. వాక్యాలకేం, వెదికినవాడికి దొరుకుతాయి.

ముందు వరుసలో గోడకు ఆనుకుని కూర్చున్న సుంకమ్మవ్వ అక్కడినుంచే అంది. “మంచిమాట అయ్యా. రెండేండ్ల ఉపవాసం విడిచేది మా ఇంట్లోనే విడువు. మొదటి వంతు మాదే గదా.” వాడంతా ఔనంది. నాకు ఇంకొక వాక్యం తోచలేదు.

కరువు పనికి కూలిగా ఇచ్చిన గింజలు ఓబన్న ముందురోజే తెచ్చాడు. కొద్దిగా సంగటి, ఏదో ఆకు పులుసు. తళియలో పెట్టి నా ముందుంచి సుంకమ్మవ్వ ఎదురుగా కూర్చుంది. గడప అవతల పదిమంది నిలబడ్డారు. నా చేయి ముద్ద దాకా పోయి ఆగింది. తీద్దామంటే వెనక్కీ రాలేదు. సంగటి మీద ఆవిరి తగ్గిపోవడం కళ్ళ ముందు కనబడుతోంది. చివరికి తల ఎత్తకుండానే చెప్పాను. అవ్వా, నేను ఒక్కరోజు కూడా ఉపవాసం లేను, వంక అవతల మా చిన్నమ్మ ఇంట్లో తింటూ వచ్చాను, మీ ఇంట తినలేక అలా చేశాను అని.

గడప అవతల ఎవరో తుపుక్కున ఉమ్మిన చప్పుడు వినబడింది. ఓబన్న లేచి బయటికి పోయాడు. సుంకమ్మవ్వ కదల్లేదు. తళియను నా వైపు ఇంకొంచెం జరిపి, “నువ్వు తినింది దేవునికి తెలుసు. మేము తినంది గూడా ఆయప్పకు తెలుసు. నువ్వూ ఆయప్పా తరవాత తేల్చుకోండి. సంగటి ఆరిపోతాండాది, తిను,” అంది.

తిన్నాను. సంగటి అప్పటికే చల్లారింది. కడుపులో ఏదో జరుగుతుందని పుట్టిననాటినుంచీ ఎదురుచూసినవాణ్ణి, ఏమీ జరగలేదు. చెమట మాత్రం పట్టింది. తళియ ఖాళీ అయ్యాక ఆమె నీళ్ళు పోసింది, చేయి కడుక్కోమని కాదు, తాగమని. అవీ తాగాను.

అయ్యగారు రాకముందే గుంతకల్లు పోయి, దినచర్య పుస్తకం ఆయన ముందు పెట్టి జరిగిందంతా చెప్పాను. ఆయన పుస్తకంలో ఉపవాసం అన్న మాట ఉన్న చోటల్లా ఎర్రసిరాతో గీత కొట్టుకుంటూ పోయారు. చాలా పేజీలున్నాయి. నేను నిలబడే ఉన్నాను. ఉద్యోగం పీకుతారనుకున్నాను, పీకలేదు. మూడు నెలలు సంస్కారం నిలుపుదల అన్నారు. అంటే ఆ కాలమంతా నేను బల్ల దగ్గరికి రాకూడదు. మా శిక్షల్లో అది చిన్నది కాదు. బదిలీ అర్జీలు రెండూ చింపేశారు. “అదే వాడలో ఉండు. ఈ కరువులో వాళ్ళ గింజలు ముట్టుకోవద్దు. నీ గింజలు నువ్వు తీసుకుపో, వంతు ఇంటి పొయ్యి మీద వాళ్ళతో కలిపి వండించు, వాళ్ళతో కూర్చుని తిను,” అన్నారు.

ఆ ఆదివారం సుంకమ్మవ్వ బాప్తిస్మం తీసుకుంది. పది ఆజ్ఞల్లో రెండు మరిచిపోయింది. అయ్యగారు పట్టించుకోలేదు. తర్వాత ఆమె బల్ల దగ్గర మోకరించి రొట్టె తీసుకుంది. ఆమెకు అది నేర్పిన నేను వెనక గోడ దగ్గర, ఇంకా బాప్తిస్మం లేని వాళ్ళతో కలిసి నిలబడ్డాను. అంతకుముందు రెండేళ్ళూ నేను చేసిన ప్రార్థనలు వినేవాళ్ళ కోసం చేసినవి. ఎవరూ నా వైపు చూడని ఆ చోట మొదటిసారి నాకోసం ఒకటి చేసుకున్నాను. పొట్టిగానే ఉంది.

ఓబన్న నాతో మాట్లాడటానికి ఐదు నెలలు పట్టింది. అది కూడా సైకిలు అడగటానికి. ఇచ్చాను. రెండు రోజులు తేలేదు. నేనూ అడగలేదు.

తర్వాత పాతికేళ్ళు ఉపదేశిగానే ఉన్నాను, పై మెట్టు ఎక్కలేదు. కొత్తగా చేరినవాళ్ళను నా దగ్గరికి పంపినప్పుడు చెప్పింది ఒక్కటే. కొత్త చోటికి పోయిన రోజు బోధ మొదలుపెట్టకండి, ముందు వాళ్ళు పెట్టింది తినండి. తినలేకపోతే ఆ సంగతి ఆరోజే అయ్యగారికి రాసి, వేరే పని చూసుకోండి. అవతలివాళ్ళ పూట కూటిని కాదని, దాన్ని మన భక్తి కింద రాసుకోకూడదు. నేను నేర్చుకున్నది అంతే.

నాకు బదిలీ అరవై మూడులో వచ్చింది, సోమందేపల్లె వైపు. ఆ ఏడు వానలు మేలు. చెప్పిపోదామని వెళితే సుంకమ్మవ్వ గడపలో కూర్చుని బుడ్డలు ఒలుస్తోంది. పక్కన కూర్చుని నేనూ నాలుగు ఒలిచి, రెండు తిని, చాలాకాలంగా అడగాలనుకున్నది అడిగాను. నా అబద్ధాన్ని నమ్మి మీరు అన్ని పూటలు పస్తులున్నారు, నా మీద కోపం పోయిందా అవ్వా అని.

ఆమె ఒలవడం ఆపలేదు.

“ఏమప్పా, నువ్వు తినకుంటే మేము పొయ్యి ఆర్పుకుంటామా? ఆ యేడు మా ఇండ్లల్లో గింజ యాడుండె? వంతు వచ్చిందంటే నువ్వు తింటానంటావేమోనని నాకు గుండె దడ. నువ్వు ఉపవాసమంటానే మాదీ ఉపవాసమే అంటాంటిమి. మేము ఎప్పుడూ ఉండే పస్తే నాయనా. దానికో మర్యాద పేరు పెట్టిస్తివి, అంతే నువ్వు చేసింది.”