ఆడపడుచు ఒప్పుకోవాలి

మా వదినది తప్పులు పట్టే ఉద్యోగం. నిజానికి ఇంట్లో ఆ హక్కు నాది, ఆడపడుచుని కదా. అన్నయ్య పెళ్లయిన కొత్తలో నేనూ కాస్త పెత్తనం చెలాయిద్దామనే చూశాను. ఆవిడ సాగనివ్వలేదు. నేను నోరు తెరిచేలోగా తన తప్పులు తనే చెప్పేసేది, తర్వాత నావి, ఆ తర్వాత తీరిగ్గా మా అన్నయ్యవి.

కంప్యూటర్ ప్రోగ్రాములు తయారుచేసే ఓ చిన్న కంపెనీలో వదిన టెస్టర్. ప్రోగ్రాము రాసేవాళ్లు వేరే ఉంటారు. వాళ్లు రాసిచ్చిన దాన్ని అటూ ఇటూ నొక్కి, తిక్కతిక్కగా వాడి, ఎక్కడ చెడిందో కనిపెట్టి చెప్పడం ఈవిడ పని. చెప్పడానికో పద్ధతి ఉంది: ఏం చేశాను, ఏం జరగాలి, ఏం జరిగింది. ఇంట్లోనూ అంతే. "ఫ్రిజ్ తెరిచాను. పాలు ఉండాలి. ఖాళీ గిన్నె ఉంది," అంటుంది. మా అన్నయ్య లిఫ్టులు రిపేరు చేస్తాడు. ఎంత ఎత్తులోనైనా జంకకుండా వేలాడే మనిషి, ఈ మూడు ముక్కలు వినగానే చెప్పులేసుకుని బయటికి జారుకుంటాడు.

నాకు చూపు లేదు. హైస్కూల్లో ఉండగా జ్వరమొచ్చి పోయింది. ఆ సంగతి తెలిసినవాళ్లలో అయ్యో పాపం అనేవాళ్లూ, చెయ్యి పట్టుకుని లాక్కెళ్లేవాళ్లూ ఎక్కువ. వదిన కాపురానికొచ్చిన కొత్తలో నేను హాల్లో స్టూలు తట్టుకుని పడబోయాను. ఆవిడ అయ్యో అనలేదు. "ఈ స్టూలు దారిలో ఎందుకుంది?" అని ఇంటిల్లిపాదినీ నిలదీసింది. స్టూలు గోడవారకి వెళ్లింది. వదిన మీద నాకు గురి కుదిరింది ఆ రోజే.

నేనొక రక్తపరీక్షల ల్యాబులో ఫోన్ల దగ్గర పనిచేస్తాను. శాంపిల్ తీసుకోవడానికి ఇంటికి మనిషిని పంపమనేవాళ్లు, రిపోర్టు వచ్చిందా అని అడిగేవాళ్లు, ఊరికే కంగారుపడేవాళ్లు, అందరూ ముందు నా గొంతే వింటారు. నా చెవిలో హెడ్‌ఫోన్ ఉంటుంది. తెర మీద ఉన్నది పైకి చదివే స్క్రీన్ రీడర్ అందులో గడగడా మాట్లాడుతూ ఉంటుంది. పాత ప్రోగ్రాములో నా వేళ్లకి అన్నీ కంఠతా వచ్చేశాయి. వేళ్లకి కంఠమేమిటని వదిన అడుగుతుంది. అడగనివ్వండి, ఆవిడ ఉద్యోగమే అది.

ఆ పాతది తీసేసి కొత్తది పెట్టాలని మా ల్యాబువాళ్లు నిర్ణయించారు. కొత్తదాన్ని తయారుచేస్తున్నది వదిన కంపెనీయే. నమూనా చూసి అందరూ ముచ్చటగా ఉందన్నారు. నా చెవిలో మాత్రం "బటన్. బటన్. బటన్. బటన్," అంది. ప్రతి బటన్ మీదా బొమ్మ వేశారు గానీ పేరు రాయలేదు. కలం బొమ్మ, చెత్తబుట్ట బొమ్మ, చూపున్నవాళ్లకి అది చాలు. పేరు లేనిదే నా స్క్రీన్ రీడర్‌కి నోరు పెగలదు.

మా మేనేజరు చెడ్డవాడు కాదు. "కొత్తది వచ్చేలోగా నీకు కుదిరితే సరేనమ్మా. లేకపోతే లోపల రిపోర్టులు కవర్లలో పెట్టే పని చూస్తాను. జీతం తగ్గించంలే," అన్నాడు. మంచిగానే అన్నాడు. నాకు మాత్రం తల తీసేసినట్టయింది. పొద్దస్తమానం మనుషులతో మాట్లాడేదాన్ని, మూల గదిలో కవర్లు అంటిస్తూ కూర్చోవాలా? ఆ కుర్చీ పోతే నాకు ఏడుపొచ్చేదని ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గేం లేదు.

బటన్లకి పేర్లు లేవన్న తప్పు వదిన అంతకు ముందే రాసిచ్చింది. కంపెనీ పెద్దాయన "తర్వాతి వెర్షన్లో చూద్దాం" అన్నాడు. ఆ వెర్షన్ వచ్చాక మళ్లీ అదే మాట అన్నాడు.

అలా ఉండగా వాళ్ల ఆఫీసులోకి ఏఐ అసిస్టెంట్ వచ్చింది. దాన్ని తీసుకెళ్లి ప్రోగ్రాముకి కలిపితే చాలునట. "కొత్త పేషెంటుని చేర్చి షుగర్ టెస్టు బుక్ చెయ్యి" అని మామూలు మాటల్లో చెబితే, అదే తెరిచి, అదే నింపి, అదే నొక్కి, ఎక్కడ ఆగిపోయిందో, కోడ్‌లో ఏ లైను వల్ల ఆగిపోయిందో కూడా చెబుతుందట. కలిపే పని వదినకి అప్పజెప్పారు.

"ఇంక నీ ఉద్యోగం గోవిందా," అన్నాడు అన్నయ్య.

"ముందు దాని తప్పులు పట్టనీ," అంది వదిన.

మొదటిసారి కలిపిన రోజు సాయంత్రం బ్యాగు కూడా దించకుండా నవ్వుకుంటూ నా గదిలోకి వచ్చింది. "చిట్టీ, నీకో తోడు దొరికిందే!"

సంగతేమిటంటే, వాళ్లు కలిపిన పద్ధతిలో ఆ అసిస్టెంట్ తెరని చూడదు. తెర మీద ఏమేం ఉన్నాయని ప్రోగ్రామునే అడుగుతుంది. ప్రోగ్రాము చెప్పేది నా హెడ్‌ఫోన్లోకి వచ్చే ఆ మాటలే. "బటన్లున్నాయి, పేర్లు లేవు, ఏది నొక్కమంటారు?" అని అడిగిందట పాపం. ఏదో ఒకటి నొక్కు అన్నారు. అది చెత్తబుట్ట నొక్కి, పరీక్ష కోసం పెట్టుకున్న ఉత్తుత్తి పేషెంట్లందరినీ ఊడ్చిపారేసింది.

"ఇన్నాళ్లూ నేను మొత్తుకున్నది ఇదేగా వదినా!"

"నువ్వు మొత్తుకుంటే తర్వాతి వెర్షన్. అది మొత్తుకుంటే రేప్పొద్దున్నే మీటింగ్," అంది. అంతటితో ఆవిడ నవ్వు ఆగిపోయింది. నాకు ఒళ్లు మండింది. ఇద్దరం కూర్చుని ఆ కంపెనీని కాసేపు కడుపారా తిట్టుకున్నాం.

మీటింగులో ఏం జరిగిందో వదిన నాకు చెప్పలేదు. చాలా రోజుల తర్వాత తొందరబాబు చెప్పాడు. ఆ ప్రోగ్రాము రాసినతను. ఏ పనైనా నిన్ననే అయిపోవాలంటాడని వదిన ఆ పేరు పెట్టింది.

ఆ తొందరబాబే అక్కడ ఒక అడ్డదారి చెప్పాడట. అసిస్టెంట్‌కి మాత్రమే తెలిసేలా బటన్లకి లోపల గుర్తులు పెట్టేస్తే సరి. పైకి వినిపించే పేర్లయితే ప్రతిదానికీ మాట ఆలోచించాలి, గుర్తులైతే చిటికెలో పని. పెద్దాయన సరేనన్నాడు. వదిన వద్దంటే ఎవరూ చెవిన పెట్టలేదు. గుర్తులు పెట్టగానే అసిస్టెంట్ రెచ్చిపోయింది. పరీక్షలన్నీ పాస్, తెరంతా పచ్చటి గీతలు. ఇక వదిన సరేనంటే ప్రోగ్రాము మా ల్యాబుకి వచ్చేస్తుంది.

వదిన సరేననలేదు. ఇంకో పరీక్ష రాసింది. "గుర్తులు వాడొద్దు. స్క్రీన్ రీడర్‌కి వినిపించే పేర్లతోనే షుగర్ టెస్టు బుక్ చెయ్యి," అని అసిస్టెంట్‌కి చెప్పింది. అది మొదటి తెర దగ్గరే ఆగిపోయింది. "ఈ పేర్లతో నేను ముందుకు వెళ్లలేను. ఊహించి నొక్కితే పేషెంట్ వివరాలు చెరిగిపోవచ్చు," అని రాసింది. పచ్చటి గీతల మధ్య ఒక్క ఎర్ర గీత. వదిన దాన్ని మళ్లీ మీటింగులో అందరి ముందూ పెట్టింది.

"ఇదేం పరీక్షమ్మా?" అన్నాడు పెద్దాయన.

"ఆడపడుచు పరీక్ష అండీ."

గదంతా నవ్వింది. వదిన నవ్వలేదు.

"ఈ ప్రోగ్రాము ముందు కూర్చోబోయేది మా ఆడపడుచు. ఆవిడ ఒప్పుకోనిదే నేను ఒప్పుకోను. వాడలేనిదాన్ని పాసయిందని ఎలా రాయమంటారు?"

"ఒక్క మనిషి కోసం ఇంత పనా?"

"అసిస్టెంట్ మాత్రం ఎంతమందండీ? దానికోసం గుర్తులు పెట్టలేదా?"

పెద్దాయనకి కోపం వచ్చింది. నువ్వు రాయకపోతే ఇంకొకరు రాస్తారన్నాడు. "రాయించుకోండి. రేపటి నుంచి నేను రాను," అని వదిన తన మగ్గూ చార్జరూ బ్యాగులో వేసుకుందట. చివరికి తొందరబాబే, "నాకో వారం ఇవ్వండి సార్, పేర్లు రాసేస్తాను," అన్నాడు. అతను గడువు అడగడం ఆ ఆఫీసు ఎన్నడూ ఎరగదు. పెద్దాయన ఆ ఎర్ర గీత వంక చూసి, సరే కానివ్వండన్నాడు.

ఆ వారంలో నాకు తెలిసింది ఇంట్లో జరిగిన భాగమే. పేరు లేని బటన్ ఎక్కడున్నా అసిస్టెంట్ వెతికి పట్టేది, పేరు కూడా తనే సూచించేది. సాయంత్రాలు వదిన కూరలు తరుగుతూ అవి నాకు వినిపించేది.

"'రద్దు.' సరిపోతుందా?"

"దేన్ని రద్దు? నా ఉద్యోగాన్నా?"

"'ఈ బుకింగ్ రద్దు.' తర్వాతది, 'ప్రస్తుతం ఎంపిక చేసుకున్న పేషెంట్ యొక్క పూర్వపు పరీక్షా ఫలితాలను చూపించు.'"

"అది వినేలోగా పేషెంటుకి జ్వరం తగ్గిపోతుంది వదినా."

"'పాత రిపోర్టులు.'"

"ఆ, అదీ."

కొత్త ప్రోగ్రాము పెట్టడానికి తొందరబాబు తనే మా ల్యాబుకి వచ్చాడు. మేనేజరు నా కుర్చీ వెనకాలే నిలబడ్డాడు, ఆయన ఊపిరి నాకు వినిపిస్తోంది. ఫోను మోగింది. ఎవరో ఒకావిడ. వాళ్ల నాన్నకి పొద్దున్నే ఇంటికొచ్చి రక్తం తియ్యాలట, అప్పటిదాకా ఏమీ పెట్టకూడదా అని అడుగుతోంది. మంచినీళ్లు తప్ప ఏమీ వద్దని చెబుతూనే వేళ్లు కదిపాను. "కొత్త పేషెంట్. బటన్," అంది నా చెవిలో. నొక్కాను. "పొద్దుటి ఖాళీలు." నొక్కాను. "బుకింగ్ ఖాయం." నొక్కాను. ఖాయమైంది. ఫోను పెట్టేశాక మేనేజరు, "అయితే కవర్లకి ఇంకెవరినైనా వెతుక్కోవాలి," అని గొణుక్కుంటూ వెళ్లిపోయాడు.

మేనేజరు వెళ్లాకే తొందరబాబు నాకు ఆ మీటింగ్ సంగతి చెప్పాడు. ఇప్పుడు వాళ్లు ప్రతి వెర్షన్‌కీ అసిస్టెంట్ చేత ఆ పరీక్ష చేయిస్తున్నారట. బయటికి పంపే ముందు పెద్దాయనే "ఆడపడుచు ఒప్పుకుందా?" అని అడుగుతున్నాడట. నేను నవ్వాను గానీ, ఇదంతా ఇంట్లో నాకెందుకు తెలియలేదా అని లెక్కేసుకున్నాను. ఆ మగ్గూ చార్జరూ బ్యాగులో వేసుకున్న రోజు కూడా వదిన ఇంటికొచ్చి ఎప్పటిలాగే అన్నయ్యని తిట్టింది.

ఆ సాయంత్రం వదినని పట్టుకున్నాను. "ఉద్యోగం పోయుంటే?"

"వాడు చెప్పేశాడా? పోతే ఇంకోటి వెతుక్కునేదాన్ని."

"నా కోసం అంత..."

"నీ కోసమని ఎవరన్నారే? పేరు లేని బటన్ తప్పు. నువ్వీ ఇంట్లో పుట్టకపోయినా అదే అనేదాన్ని. ఆ బట్టలు మడతపెట్టు ముందు."

"ఊరికే అంటోందిలే, నువ్వంటే ప్రాణం తనకి," అన్నాడు అన్నయ్య తర్వాత. ప్రాణమే, కాదనను. కానీ వదిన ఊరికే ఏదీ అనదు, ఆ మాట అక్షరాలా నిజం. నా మీద ప్రేమకొద్దీ చేసి ఉంటే నేనూ ప్రేమగా ఓ మాట చెప్పి ఊరుకునేదాన్ని. తప్పు కాబట్టి ఒప్పుకోనంది. అందుకే నాకింత గర్వం. ఫోన్లో ఎవరైనా "భలే తొందరగా చేశారే" అంటే చాలు, వాళ్లు అడక్కపోయినా మా వదిన గురించి చెబుతున్నాను.