తుమ్మిన క్రిస్మస్ పాట

ఊరంతా గ్రామఫోన్ రికార్డులు వదిలించుకుని క్యాసెట్ల వెంట పడిన ఆ రోజుల్లో, కొత్తగా ఉద్యోగంలో చేరిన నేను మాత్రం అలా వదిలించుకున్నవాటిని పద్మారావు నగర్‌లోని మా ఇరుకింటికి మోసుకొచ్చేవాణ్ణి. అన్నీ కాదు, క్రిస్మస్ పాటలవి మాత్రమే. అందులోనూ లోకమంతా పాడేవి నాకక్కర్లేదు. మన చుట్టుపక్కల చర్చిల్లో ఎవరో సొంతంగా రాసుకుని, హార్మోనియం మీద బాణీ కట్టుకుని, రికార్డు వేయించి, తర్వాత వాళ్ళే మరిచిపోయిన పాటలు కావాలి. (లోపల అమ్మ ధనుర్మాసం పూజ చేస్తుంటే ముందుగదిలో ఏసయ్య పుట్టేవాడు.) "పప్పు డబ్బాలు పెట్టనీకి జాగ లేదు గని, నీ పాటలకు అల్మారి గావాల్నా?" అని అమ్మ రోజూ సణిగేది.

ఒక ఆదివారం పాత సామాన్ల అంగడిలో, పాడైపోయిన మిక్సీల కింద, నేనెన్నడూ వినని రికార్డొకటి దొరికింది. చిరిగిన లేబుల్ మీద పాడినాయన పేరు, అల్వాల్ అనే ఊరు పేరు మిగిలాయి. ఇంటికొచ్చి పెట్టాను. కమ్మని గొంతు. తూర్పున చుక్క పొడిచిందని పైస్థాయిలో రాగం అందుకున్నాడాయన. అక్కడే "హాచ్!" అని తుమ్మాడు. హార్మోనియం ఒక్క క్షణం బిత్తరపోయి ఆగింది. తర్వాత ఇద్దరూ ఏమీ జరగనట్టు పాట కొనసాగించారు. నాకు నిధి దొరికినట్టయింది. ఆయన్ని చూడకుండా ఉండలేక స్కూటర్ మీద అల్వాల్ పోయి, అక్కడా ఇక్కడా అడిగి ఇల్లు పట్టుకున్నాను.

ఆయన రైల్వేలో గార్డుగా చేసి రిటైరయ్యారు. వరండాలో పేపరు చదువుకుంటున్నారు. "అంకుల్, మీ రికార్డు దొరికింది!" అన్నాను, సన్మానం చేయడానికి వచ్చినవాడిలా. గార్డు అంకుల్ ముఖం నల్లబడింది.

"ఇంకోటి మిగిలిందా?" అన్నారు. "మళ్ళొకసారి పాడతనంటె స్టూడియోవాళ్ళు టైం అయిపోయిందన్నరు. చర్చిల పోరగాళ్ళు నన్ను చూస్తె చాలు, హాచ్ హాచ్ అంటుండిరి. పరేషాన్ అయి, ఇంటింటికి తిరిగి అన్ని తెచ్చి పొయ్యిల ఏసిన. జెర అది గిటు ఇయ్యి."

అంత అరుదైన రికార్డు ఎందుకు అరుదైందో అప్పుడర్థమైంది. నేను దాన్ని గుండెకు హత్తుకున్నాను. ఆయన లేచి ఒక అంచు పట్టుకున్నారు. నేను రెండో అంచు వదల్లేదు. (పెద్దాయనతో పెనుగులాడటం మర్యాద కాదని తెలుసు. కానీ విరిగిపోతే మళ్ళీ ఎక్కడా దొరకదే!)

"ఏందీ లొల్లి?" అంటూ పిండి చేతులతో ఆంటీ బయటికొచ్చారు. లేబుల్ చూసి నిలబడిపోయారు. "మన పెండ్లయిన ఏడు పాడిన పాట గదనయ్యా ఇది! నాకొక్క మాట చెప్పకుంట కాలబెడితివి. లోపలికి రా బిడ్డా, మెషిన్ ఉన్నది, పెట్టు."

పెట్టాను. అంకుల్ పేపరు ముఖానికి అడ్డం పెట్టుకున్నారు. చుక్క పొడిచింది, తుమ్ము వచ్చింది. "నూరేళ్ళు!" అన్నారు ఆంటీ అలవాటుగా. తర్వాత తానేమన్నారో గుర్తించి, కొంగు నోటికడ్డం పెట్టుకుని కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వారు. కాసేపటికి పేపరు కూడా కదలడం మొదలైంది.

"నీ దగ్గరనే ఉండనియ్యి," అన్నారు అంకుల్ చివరికి. "ఈడుంటె నా చెయ్యి ఊకుండదు. గని ప్రతి క్రిస్మస్‌కు తెచ్చి మీ ఆంటీకి వినిపియ్యాలె."

అలా ఏళ్ళు గడిచాయి. ప్రతి డిసెంబరులో నేను వెళ్ళడం, ఆయన పేపరు చాటుకు పోవడం, ఆమె నూరేళ్ళు అనడం, పండక్కి వండిన గులాబీ పువ్వుల పిండివంట తినిపించి పంపడం. పోయిన క్రిస్మస్ అయ్యాక అంకుల్ చనిపోయారు. ఈసారి వెళ్తే ఆమెను బాధపెట్టినట్టవుతుందేమోనని ఆగిపోయాను. ఆంటీయే ఫోన్ చేశారు. "రాలేదేంది బిడ్డా?"

వాళ్ళ మెషిన్ ఎప్పుడో పాడైంది కాబట్టి నాదే ఆటోలో వేసుకుని పోయాను. పాట మొదలయ్యాక ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు. తుమ్ము వచ్చింది. "నూరేళ్ళు," అన్నారామె మెల్లగా, ఖాళీ కుర్చీ వైపు చూసి. తర్వాత నవ్వి, "ఇంకోపారి పెట్టు బిడ్డా," అన్నారు.

నాకు బట్టతల వచ్చి చాలా కాలమైంది. ఆఫీసులో సార్ అంటారు, వీధిలో అంకుల్ అంటారు. బిడ్డా అని పిలిచేవాళ్ళు ఇప్పుడు ఈ ఊళ్ళో ఆమె ఒక్కరే. సంబరంగా లేచి, సూది మళ్ళీ మొదటికి పెట్టాను.