బెంగుళూరు మీదుగా ఒడిబియ్యం

చౌక టికెట్ల విమాన కంపెనీ వాళ్లు పంచిన పటం ఒకటి నా దగ్గర ఉంది. బెంగుళూరు నుంచి అన్ని ఊళ్లకూ ఎర్ర గీతలు. హైదరాబాదు నుంచి పుణెకు కూడా ఒక గీత. 2009 జనవరిలో మేము ఎక్కేనాటికి ఆ విమానమే లేదు.

పుణెలో ఉన్న మా బిడ్డకు శుక్రవారం పొద్దున ఎనిమిదికి ఆపరేషన్. అంతకుముందే పుట్టింటి ఒడిబియ్యం ఒళ్లో పోయించుకోవాలని దాని కోరిక. మా ఊరు అత్వెల్లిలో మా పొలం బియ్యం ఐదుంబావు కిలోలు తూచి, పసుపు కలిపి మూటగట్టాను. గురువారం విమానానికి నాకూ మా ఆయనకూ నెల ముందే టికెట్లు తీసుకున్నాం. రెండు రోజులుందనగా కొడుకు వచ్చాడు.

"అమ్మా, సీదా పోయేది బందు చేసిండ్రట. బెంగుళూరుల దిగి ఇంకోటి ఎక్కాలె. రెండింటికీ వేరువేరు టికెట్లు మల్ల తీసుకున్న."

"పుణెకు పోవాలంటే బెంగుళూరుకెందుకురా?"

"వాళ్ల విమానాలన్నీ ఆడికెల్లే తిరుగుతయి."

రెండు విమానాలకూ మధ్య గంటా యాభై నిమిషాలు. చాలనుకున్నాను. కాగితం మీది వేళను నమ్మడమే నా తప్పు.

సుచిత్ర చౌరస్తా దగ్గర ట్రాఫిక్‌లో ఆగి ఆగి, నగరమంతా దాటి శంషాబాద్ చేరితే విమానమే రాలేదు. మేము ఎక్కాల్సింది పొద్దుటి నుంచి మూడు ఊళ్లు తిరిగి రావాలట. మొదటి ఊళ్లో పొగమంచు. వేరే విమానం లేదట. ఒక్కదాన్ని ఇన్ని ఊళ్లకు తిప్పుతూ, అన్ని ఊళ్లకూ వేళలు అచ్చువేయడానికి వాళ్లకు సిగ్గులేదు.

బెంగుళూరులో దిగేసరికి పుణె విమానం వెళ్లిపోయింది.

"మీవి వేరువేరు టికెట్లు ఆంటీ. ఒకటి లేటయితే రెండోది ఆగదు" అంది కౌంటర్ పిల్ల.

"రెండూ మీ విమానాలే గదా బిడ్డా! సీదా పోయేదాన్ని బందువెట్టి ఈడ దించింది మీరే, ఇడిసిపెట్టి పోయింది మీరే" అన్నాడు మా ఆయన.

ఆ పిల్ల మా వెనకాయన్ని పిలిచింది. మర్నాడు పది దాకా మరో విమానం లేదు. బిడ్డకు ఫోన్ చేశాను.

"ఏడిదాకా వచ్చినవే అమ్మా?"

"బెంగుళూరు."

"గాడికెందుకు పోయినవే!"

శుక్రవారం మేము ఆసుపత్రి చేరేసరికి ఒంటిగంట. దాన్ని ఎనిమిదికే లోపలికి తీసుకుపోయారు. బాగానే బయటికొచ్చింది. పదిహేను రోజులకు ఇంట్లో పీట మీద కూర్చోబెట్టి ఒడిబియ్యం పోశాం.

"అయిపాయె గదనే, ఇంకా ఏం కోపం?" అంటుంది ఇప్పుడు.

అయిపోలేదు. అది భయపడుతూ లోపలికి పోయిన పొద్దున, బియ్యం మూట ఒళ్లో పెట్టుకుని నేను ఇంకో ఊళ్లో కూర్చున్నాను.