అందలేదన్న ఉత్తరం

మా చెల్లెలి మనుమరాలు నెల రోజులుగా జల్‌పల్లిలో నా దగ్గరే ఉంటోంది. పెళ్లయి ఏడాది కాలేదు, మొగుడు జర్మనీలో ఉన్నాడు, ఈ పిల్ల వీసా కోసం ఎదురుచూస్తోంది. అక్కడికి పోయి పైచదువు చదవాలని దాని ఆశ. అన్నం తింటున్నా ఫోను కంచం పక్కనే ఉండాలి, ముద్దకొకసారి వేలితో గీకి చూసుకోవాలి. మొన్న తింటూ తింటూ ఉన్నట్టుండి లేచిపోయింది. ఏమైందంటే, తనకంటే రెండు నెలలు వెనక పెట్టుకున్న స్నేహితురాలికి వీసా వచ్చేసిందట. "దానికెట్లొస్తది అమ్మమ్మా, నా తర్వాత పెట్టింది గదా" అంటూ ముఖం మాడ్చుకుంది. ఊరడింపుగా ఏదో అన్నాను గానీ, ఆ పిల్ల ముఖంలో నేను చూసింది నాకు కొత్తది కాదు. యాభై ఏళ్ల కిందట లాల్‌దర్వాజా గల్లీల్లో అదే ముఖం పెట్టుకుని నేను తిరిగాను.

మా మామగారు బస్సు డిపోలో మెకానిక్కు. ఆయనకు ఇద్దరు కొడుకులు. పెద్దవారు, అంటే మా ఇంటాయన, పెళ్లయిన నాలుగో నెలలోనే ఇంగ్లండుకు, ఒక బట్టల మిల్లులో పనికి వెళ్లారు. రెండేళ్లకు తమ్ముణ్ణి కూడా పిలిపించుకున్నారు. పోయేముందు ఆ తమ్ముడికీ హడావుడిగా పెళ్లి చేసేశారు గనుక మొగుళ్లు దగ్గర లేని కోడళ్లం ఇద్దరం ఆ కిరాయి ఇంట్లో మిగిలాం, నేనూ మా యారాలూ. తోడికోడలిని మా దిక్కు యారాలనే అంటాం. మేం పోవాలంటే మద్రాసులో ఉన్న ఇంగ్లండు వాళ్ల ఆఫీసు మమ్మల్ని పిలిచి, ప్రశ్నలడిగి, నిజంగా పెళ్లాలమేనని నమ్మి, ఆ దేశంలోకి రానిచ్చే కాగితం ఇవ్వాలి. ఆ కాగితం అనే మాట మా ఇంట్లో రోజుకు పదిసార్లు వినబడేది.

నాకు ఆ కాగితం కావలసింది మొగుడి కోసమొక్కటే కాదు, ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గెందుకు. అక్కడి ఆస్పత్రుల్లో ఆడవాళ్లకు నర్సు పని నేర్పుతారనీ, నేర్పినన్నాళ్లూ జీతం కూడా ఇస్తారనీ మా ఇంటాయన ఒక ఉత్తరంలో రాశారు. అప్పటినుంచి నాకు వేరే ధ్యాస లేదు. హెచ్.ఎస్.సి.లో నాది ఫస్ట్ క్లాసు. ఇక్కడ టీచరు ట్రైనింగులో సీటు వస్తే, "ఇయ్యాల్నో రేపో కాగితమొస్తది, నడుమ ఇడిసిపెట్టి పోతవా" అని అత్తగారు అడ్డం పడితే, నిజమే కదా అని వదులుకున్నాను. రాత్రి పక్కలు వేసుకున్నాక యారాలికి నా నర్సు చదువు గురించే చెబుతుండేదాన్ని. ఆమె శాలిబండ పిల్ల, దర్జీవారి బిడ్డ, కంపార్టుమెంటల్‌లో ఎట్లాగో గట్టెక్కిన పాసు. సినిమాలూ గాజులూ తప్ప పుస్తకం పేరెత్తేది కాదు. ఊఁ కొడుతూ నిద్రపోయేది.

మన ఈడు వాళ్లకు వేరే చెప్పనక్కరలేదు, ఆ రోజుల్లో మొగుడి పేరు నోటితో అనేవాళ్లం కాదు. అంటే ఆయన ఆయుష్షు తరుగుతుందని మాకొక భయం. రేషన్ కార్డు రాసేవాడు వస్తే మా అత్తగారు పక్కింటామెను కేకేసి మామగారి పేరు ఆమెతో చెప్పించేది. నేనూ ఆ అచ్చులోనే పెరిగాను. బోనాలు ముగిసిన వారానికి మా ఇద్దరికీ ఒకేసారి మద్రాసు నుంచి పిలుపు వస్తే, మామగారు మమ్మల్ని వెంటబెట్టుకుని తీసుకుపోయి ఒక సత్రంలో దింపారు. పొద్దున తలలు దువ్వుకుంటుంటే యారాలు మెల్లగా చెప్పింది. "అక్కా, ఆళ్లు పేరు అడుగుతరంట. మా అన్న దోస్తు చెప్పిండు. ఒక్కసారి అని చూడు, నోరు తిరుగుతది." ఫస్ట్ క్లాసు దానికి కంపార్టుమెంటల్ది పాఠం చెప్పడమా అని నాకు ఒళ్లు మండింది. నీ అంత సిగ్గు లేనిదాన్ని కాదు పో అన్నాను.

బల్లకు అవతల తెల్లదొర, పక్కన తెలుగు చెప్పేందుకు ఒక అరవాయన. మామగారు నా వెనకే కుర్చీలో ఉన్నారు. మొదటి ప్రశ్నే భర్త పేరు. నేను తల వంచుకుని, మా మామగారి పెద్దకొడుకు అన్నాను. మళ్లీ అడిగితే, మా యారాలికి బావ అవుతారన్నాను. మూడోసారి అడిగితే, ఆ కాగితంలో రాసి ఉంది కదా, చూసుకోండి అన్నాను. అరవాయనకు సంగతి తెలిసే ఉంటుంది, పాపం ఏదో సర్దిచెప్పబోయాడు. దొర విన్నాడో లేదో, చాలాసేపు ఏదో రాసుకున్నాడు. నా తర్వాత లోపలికి పోయిన యారాలు మొగుడి పేరు ఇంటిపేరుతో సహా, బళ్లో హాజరు పిలిచినంత గట్టిగా చెప్పింది. బయట వరండా దాకా వినబడింది. నెల తిరక్కుండా ఆమెకు కాగితం వచ్చింది. నాకు మాత్రం, ఇంకా విచారించవలసి ఉన్నదని రెండు ముక్కల జవాబు వచ్చింది.

ఆమె పోయిన రోజు నేను స్టేషనుకు పోలేదు, తలనొప్పని పడుకున్నాను. ఆమె కొన్న కొత్త స్వెట్టరు మీద కూడా నాకు కుళ్లే. గల్లీలో ఎవరెదురైనా "చిన్నకోడలు పాయె, నువ్వెప్పుడు పోతవ్?" అనే ప్రశ్న తప్పేది కాదు. కూరగాయలకు పోవడం కూడా మానుకున్నాను.

ఆరు నెలలకు ఆమె దగ్గరనుంచి ఉత్తరం వచ్చింది. అత్తగారికి చదువు రాదు కనుక ఇంటికి వచ్చే ప్రతి ఉత్తరం పైకి చదవడం నా పని. సగం దాకా గడగడ చదివి ఆగిపోయాను. ఆ కింద ఆమె నాకోసం రాసింది. ఆస్పత్రిలో నర్సు ట్రైనింగులో చేరిందట, నా మాటలు వినీ వినీ తనకూ ఆశ పుట్టిందట. అక్కడి పెద్ద నర్సమ్మకు నా గురించి చెప్పిందట. నా మార్కుల మెమో నకలు రెండు నెలల్లోగా పంపితే నా పేరు రాసి సీటు ఉంచుతానని ఆ నర్సమ్మ మాటిచ్చిందట. "జల్ది పంపు అక్కా, కాగితం ఎప్పుడొచ్చినా నీ జాగ నీకుంటది" అని ఆఖరి మాట.

నా కలను నా పక్కలోనే పడుకుని విని, ఎత్తుకుపోయి, ఇప్పుడు నాకే దయతలచి ఒక ముక్క పెడుతోంది అనిపించింది. కళ్ల ముందు అక్షరాలు కనబడలేదు. "ఏం రాసింది బిడ్డా, ఆగినవేంది?" అని అత్తగారు అడిగింది. "ఏం లేదత్తమ్మా, మంచిగున్నరట. చలి మస్తున్నదట" అన్నాను. వంటింట్లోకి పోయి ఆ ఉత్తరాన్ని పొయ్యిలో పెట్టాను. గడువు దాటిపోయాక ఆమె మళ్లీ రాసింది, మెమో ఎందుకు పంపలేదని. నువ్వు ముందు రాసిన ఆ ఉత్తరం నాకు అందనే లేదని జవాబు రాశాను. ఆ ఒక్క వాక్యం ఒక్క కొట్టివేత లేకుండా రాసేశాను, అదే నాకిప్పటికీ ఆశ్చర్యం.

మరుసటేడు మద్రాసు నుంచి మళ్లీ పిలుపొచ్చింది. ఈసారి దొర అడగకముందే పేరు చెప్పేశాను, కాగితం తెచ్చుకున్నాను. కానీ నేను పోయేసరికి ఆ సీటు ఇంకెవరికో ఇచ్చేశారు. పై ఏడు చూద్దామనుకుంటే కడుపు, ఆ తర్వాత ఇద్దరు పిల్లలు. ఒక కుట్టు ఫ్యాక్టరీలో చొక్కాలకు కాలర్లు కుడుతూ పద్దెనిమిదేళ్లు గడిపాను. యారాలు వార్డంతటికీ పెద్ద నర్సయింది. తెల్ల బట్టల్లో ఆమె టకటకా నడిచిపోతుంటే డాక్టర్లు సైతం పక్కకు తప్పుకునేవారు. మా ఇంటాయన గుండెనొప్పొచ్చి ఆ ఆస్పత్రిలోనే పడుకున్నప్పుడు ఆమే దగ్గరుండి చూసుకుంది. అప్పుడు కూడా, ఆయన మంచం పక్కన కూర్చుని కూడా, ఆమె నెత్తి మీది ఆ తెల్ల టోపీనే చూస్తూ కూర్చున్నాను. ఇంతకంటే దాచుకోవలసింది నా దగ్గర ఏమీ లేదు.

నిన్న మా మనుమరాలి ఫోను మోగింది. వీసా వచ్చిన ఆ స్నేహితురాలే, ఏదో కాలేజీ సంగతి చెబుతూ పొద్దున ఒక మెసేజి పెట్టిందట. ఈ పిల్ల చూసి, కడుపుమంటతో ఊరకుంది. "చూసినవ్ గదనే, నీలం టిక్కులు పడ్డయ్. మాట్లాడవేంది?" అని అవతలినుంచి ఆ అమ్మాయి నిలదీసింది. ఈ పిల్ల కాసేపు ఏడ్చింది, ఆఖరికి ఇద్దరూ గంటసేపు నవ్వుకుంటూ మాట్లాడుకున్నారు. రాత్రికి ఆ కాలేజీ ఫారం నింపడం కూడా అయిపోయింది. మా కాలంలో కుళ్లు దాచుకోవడానికి సముద్రమంత చోటుండేది. వీళ్లకు ఆ చోటు లేదు. లేకపోవడమే వీళ్ల అదృష్టమేమో.

నేను ఇంగ్లండు నుంచి తిరిగొచ్చేసినా మా యారాలు ఇంకా అక్కడే ఉంటుంది, ఆదివారమాదివారం ఫోను చేస్తుంది. పాత ముచ్చట్లలో ఏడాదికొకసారైనా ఆ ఉత్తరం మాట వస్తుంది. పోయిన ఆదివారం కూడా వచ్చింది. "ఆ పోస్టుమేన్ పాడుగాను, నీ బతుకు ఆగం జేసిండక్కా" అంది. ఆ పోస్టుమేన్ శాలిబండలో ఉండే ముసలాయన. జోరుగా వాన కురుస్తుంటే, తను నిలువునా తడిసి, ఆ ఉత్తరాన్ని ఖాకీ అంగీ లోపల పెట్టుకుని ఒక్క చుక్క పడకుండా తెచ్చి నా చేతికిచ్చాడు.

"అవు చెల్లె, వాని వల్లనే" అన్నాను.