క్లిఫ్‌కు మాట తిరిగి నేర్పిన మేవిస్

ఇంగ్లండులో ఫ్లీట్‌వుడ్ రేవు దగ్గర చేపలు, చిప్స్ వేయించి అమ్మే దుకాణం మేవిస్ రిగ్బీది. మూకుళ్ల దగ్గర చాకిరీ ఆమెదే అయినా, జనం సగం వచ్చేది ఆమె భర్త క్లిఫ్ మాటల కోసం. వయసులో ఉండగా ఐస్‌లాండ్ సముద్రం దాకా వేట పడవల మీద తిరిగిన మనిషి. అతని నోట ఒక్క మాటా తిన్నగా వచ్చేది కాదు. బుర్ర తక్కువవాడు కనబడితే, "వీడి పొట్లంలో చిప్స్ ఉన్నాయిగానీ చేప వెయ్యడం మర్చిపోయారు" అనేవాడు. వరసలో నిలబడ్డవాళ్లు ఆకలి మర్చిపోయి నవ్వేవారు.

ఒక ఫిబ్రవరి ఉదయం బంగాళదుంపలు చెక్కుతూనే క్లిఫ్ పక్కకు ఒరిగిపోయాడు. మెదడులో నరం చిట్లిందన్నారు. వసంతం వచ్చేసరికి ఇంటికి వచ్చాడు. చెయ్యి ఆడింది, కాలు ఆడింది, నోరూ ఆడింది. మాటల్లోని మెలిక మాత్రం పోయింది. ఎవరేమన్నా పైకి వినబడినదే అతనికి అర్థం. ఆసుపత్రిలో మాట సాధన చేయించే అమ్మాయి, "ఇలా కొందరికి జరుగుతుందండీ. కొంత తిరిగి రావచ్చు, ఎంత వస్తుందో చెప్పలేం" అంది.

ఒక సాయంత్రం పాత పడవల జతగాడు ఆల్బర్ట్ థ్రెల్‌ఫాల్ దుకాణంలోకి వస్తూనే, "విన్నావట్రా క్లిఫ్, మన పెర్సీ బాల్చీ తన్నేశాడు" అన్నాడు.

"అయ్యో, కాలికి దెబ్బ తగిలిందా?" అన్నాడు క్లిఫ్.

దుకాణం గొల్లున నవ్వింది. పాత క్లిఫ్ తిరిగొచ్చాడనుకున్నారు. మేవిస్ ఒక్కతే అతని మొహం చూసింది. అందరూ ఎందుకు నవ్వుతున్నారో తెలియక, తానూ నవ్వాలేమోనని పెదాలు సాగదీస్తున్నాడు.

ఆ శుక్రవారం ఆమె వెనిగర్ సీసాలు తేవడానికి వెనక గదిలోకి వెళుతూ, "బంగారం, ఆ చేపల మీద ఓ కన్నేసి ఉంచు" అంది. తిరిగి వచ్చేసరికి క్లిఫ్ సలసల కాగుతున్న నూనె మీదికి వంగి, ఒక కన్ను మూసుకుని, రెండో కన్ను మూకుడికి ఆనించబోతున్నాడు. మేవిస్ సీసాలు వదిలేసి అతని కాలరు పట్టి వెనక్కు లాగింది. తర్వాత దుకాణం తలుపు వేసి, గచ్చు మీద పారిన వెనిగర్ మధ్యనే కూలబడి ఏడ్చింది.

మర్నాడు వచ్చిన ప్రతివాళ్లకూ చెప్పింది. "మా ఆయన దగ్గర తిన్నగా మాట్లాడండి. వంకర మాటలొద్దు." జనం సరేనన్నారు. అంతే, దుకాణం మూగబోయింది. కోర్టులో సాక్షుల్లా, "ఒక చేప ఇవ్వండి, ధన్యవాదాలు" అని పొట్లం పట్టుకుపోయేవారు. కొన్నాళ్లు చూసి క్లిఫే అడిగాడు.

"మేవిస్, అందరూ నన్ను చూసి మాట్లాడ్డం మానేశారు. నేనేం తప్పు చేశాను?"

ఆ ప్రశ్నతో మేవిస్‌కు తన పొరపాటు తెలిసింది. వెంటనే కట్టడి ఎత్తేసింది. ఎప్పటిలాగే మాట్లాడమంది. కాకపోతే మెలిక మాట విసిరినవాళ్లు అక్కడే నిలబడి, దాన్ని క్లిఫ్‌కు విప్పి చెప్పి కదలాలి. అదెంత కష్టమో చెప్పబోయినవాళ్లకు తెలిసొచ్చింది. ఆల్బర్ట్ ఒకనాడు "బీన్స్ ఒలకబోయకు" అని నోరుజారాడు. క్లిఫ్ బీన్స్ గిన్నెను రెండు చేతులా పొదివిపట్టుకున్నాడు.

"అది కాదురా బాబూ, రహస్యం బయటపెట్టొద్దని!"

"రహస్యం బీన్స్‌లో ఎందుకుంటుంది?"

"ఏమో, మా అమ్మ అనేది, నేనూ అంటున్నా. నన్ను చంపకు" అని తల పట్టుకున్నాడు ఆల్బర్ట్. వెనకాల వరస పెరుగుతున్నా ఎవరూ విసుక్కోలేదు.

అలా ఒక్కో మాటా పట్టుబడుతున్న రోజుల్లో పెర్సీ భార్య హెట్టీ, భర్త పోయాక మొదటిసారి దుకాణానికి వచ్చింది. క్లిఫ్ మొహం వెలిగింది. ఆమెకు సంబంధించిన మాట తనకు వచ్చు!

"హెట్టీ, మీ పెర్సీ బాల్చీ తన్నేశాడటగా" అన్నాడు హుషారుగా.

హెట్టీ మొహం పాలిపోయింది. పొట్లం తీసుకోకుండానే వెళ్లిపోయింది. అర్థం చెప్పాను, అదను చెప్పలేదు అనుకుంది మేవిస్. ఏ మాట ఎవరి ముందు అనొచ్చో, ఎవరి ముందు అనకూడదో తెలియకపోతే తెలిసిన అర్థం కూడా కత్తే. క్లిఫ్‌కు కోటు తొడిగి, ఆ పూటకు మూకుళ్ల కింద మంట ఆర్పేసి, హెట్టీ ఇంటికి తీసుకెళ్లింది. దారిలో ఏమీ నేర్పలేదు. "నీకేమనిపిస్తే అది చెప్పు" అంది.

క్లిఫ్ గుమ్మంలోనే టోపీ తీసేశాడు. "హెట్టీ, ఆ మాటకు అర్థం తెలుసు, నీ ముందు అనకూడదని తెలీలేదు. పెర్సీ చచ్చిపోయాడు. నాకు బాధగా ఉంది. తుఫానులో నేను సముద్రంలో పడిపోకుండా నా నడుముకు తాడు కట్టింది వాడే."

హెట్టీ తలుపు బార్లా తీసింది. "లోపలికి రండి" అంది. "అందరూ దూరమయ్యాడంటారు, దాటిపోయాడంటారు. చచ్చిపోయాడని మొహం మీద చెప్పినవాడివి నువ్వొక్కడివే క్లిఫ్." ఆ సాయంత్రం ముగ్గురూ టీ తాగుతూ పెర్సీ గురించే మాట్లాడుకున్నారు.

ఆ తర్వాత మేవిస్ పద్ధతి మారింది. మాట కన్నా ముందు మనిషి మొహం చూడమనేది. "కళ్లు చూడు, భుజాలు చూడు, ఎవరితో అంటున్నారో చూడు" అని చిప్స్ పొట్లాలు కడుతూనే గుసగుసగా చెప్పేది. ఆమె నడుము నొప్పితో వంగిపోయేది, వేళ్లు నూనె చుక్కలకు బొబ్బలెక్కేవి, అయినా ఆ గుసగుస ఆగలేదు. ఆసుపత్రి అమ్మాయి తన దగ్గరికొచ్చిన మరో ఇద్దరిని కూడా ఈ దుకాణానికే పంపింది. వాళ్లకూ మేవిస్ వేడి వేడి చేప పెట్టి కూర్చోబెట్టేది.

క్లిఫ్‌కు అంతా తిరిగి రాలేదు. సగం వచ్చిందేమో. ఒక నవంబరు మధ్యాహ్నం, దుకాణం ఇంకా తెరవకముందు, వాన కుండపోతగా పడుతుంటే మేవిస్ అలవాటుగా, "కుక్కలూ పిల్లులూ కురుస్తున్నాయి" అనేసి నాలిక్కరుచుకుంది. క్లిఫ్ కిటికీ దగ్గరికెళ్లి, అద్దం తుడిచి, శ్రద్ధగా వీధంతా చూశాడు.

"మన పిల్లి లోపలే ఉంది. ఇవి ఎవరివో" అన్నాడు.

"కాదు బంగారం, అంటే ఏంటంటే..." అని మొదలుపెట్టిన మేవిస్, అద్దంలో అతని మొహం చూసి ఆగిపోయింది. మీసం చివర వణుకుతోంది. నవ్వు ఆపుకుంటున్నాడు.

"నన్నే ఆట పట్టిస్తున్నావా, ముసలి దొంగా!" అని చేతిలో తువ్వాలు అతని మీదికి విసిరింది. వాన వెలిసేదాకా ఇద్దరూ నవ్వుతూనే ఉన్నారు. బయట తడుస్తూ నిలబడ్డ ఆల్బర్ట్ ఎంతసేపు తలుపు కొట్టినా వాళ్లకు వినబడలేదు.