మూతెడు మందు, పైన కొసరు

2018 జూన్‌లో నన్ను ఆదోనికి ఉద్యాన అధికారిగా వేశారు. ఎమ్మిగనూరు వైపు మిరప చేలు కూడా నా కిందికే వచ్చేవి. ఆ ఏడు సరిగ్గా పూత సమయానికి వాన మొహం చాటేసింది. ఎండకు పూలు తొడిమలతో సహా రాలిపోసాగాయి.

ఈరమ్మ అనే రైతు ఆఫీసుకు వచ్చింది. భర్త ఆదోని పత్తి మార్కెట్లో హమాలీ. మిరప చేను మాత్రం పూర్తిగా ఆమె కష్టమే. కాపు నిలవకపోతే పిల్లల్ని వెంటేసుకుని గుంటూరు వైపు ఎవరి మిరపకాయలో కోయడానికి వలస పోవాలి. ఆ మాట ఊరి సంగతి చెప్పినంత మామూలుగా చెప్పింది.

ఎండకు తాళలేని మొక్క తనలో ఇథిలీన్ అనే హార్మోన్‌ను పెంచుకుని, సాకలేని పూలను వదిలించుకుంటుంది. ఆక్సిన్ అనే మరో హార్మోన్ తొడిమను పట్టి ఉంచుతుంది. అది సీసాల్లో మందుగా దొరుకుతుంది. ముందు చేనుకు ఒక తడి ఇచ్చి, చల్లపూట, స్ప్రేయరు ట్యాంకుకు ఆ సీసా చిన్న మూతతో ఒక్క మూత కలిపి కొట్టమన్నాను. ఇంతేనా అన్నట్టు చూసింది.

వారం తిరక్కముందే మళ్లీ వచ్చింది. చేనుకు పోయి చూస్తే ఆకులు కిందికి ముడుచుకుని ఉన్నాయి, మిగిలిన పూత కూడా రాలిపోయింది. ఎంత పోశావని అడిగాను.

"మీరు సెప్పిన మూత పోసినా సార్. పైన ఇంకో మూత కొసరు. కొసరు లేకుంటే యాడన్నా సరుకు తెచ్చుకుంటామా?"

ఈ ప్రాంతంలో వంకాయలు తూచినా, పెసలు కొలిచినా పైన కొసరు పడాల్సిందే. పురుగు మందుకూ అదే ఆచారం. కానీ ఆక్సిన్ మోతాదు మించితే మొక్క మళ్లీ ఇథిలీన్‌నే తయారు చేస్తుంది. ఆకులు కడిగించి, తేలిక తడి పెట్టించాను. మొక్కలు తేరుకున్నాయి గానీ కాపు దక్కలేదు. ఈరమ్మ పిల్లలతో గుంటూరు బండెక్కింది. నాకు చాలా కోపం వచ్చింది. కొసరు మీద కోప్పడి లాభం లేదు కాబట్టి, ఆ తర్వాత వచ్చినవాళ్లకు అర మూతే చెప్పడం మొదలుపెట్టాను. మిగతా అర మూత ఎలాగూ పడేది. పైఅధికారులకు ఈ సంగతి నివేదించలేదు.

మరుసటి ఏడు పూతకు ఈరమ్మ మళ్లీ వచ్చింది. చేతిలో మందుల షాపు సిరంజి ఉంది. అలవాటుగా అర మూత అనబోయి ఆగాను. కొసరు పోస్తావా అని అడిగాను.

"సచ్చినా పోయను సార్. బొట్టు ఎక్కువ కాగూడదనే ఇది తెచ్చినా."

మూతెడు చెప్పాను. ఆమెకు అనుమానం వచ్చింది.

"మా పక్క సేను రంగన్నకు అర మూతే సెప్పినారంట. నాకేమిటికి ఎక్కువ?"

రంగన్న కొసరు పోస్తాడు, నువ్వు పోయవు అన్నాను. నవ్వకుండా తలూపి వెళ్లిపోయింది.

ఆ ఏడు ఆమె వలస పోలేదు. రంగన్న చేనూ బాగానే కాసింది. హార్మోన్ మోతాదు పంటను బట్టి, ఎండను బట్టి ఉంటుందని కాలేజీలో చదువుకున్నాను. పోసే చేతిని బట్టి కూడా ఉంటుందని ఆదోనిలో తెలిసింది.