మా ఆయన తూకం దాటిన దసరా

మొన్న మధ్యాహ్నం చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ కూర్చున్నాను. టీవీలో కోట్లు తొడుక్కున్న నలుగురు పెద్దమనుషులు, ఎవరో ఛాంపియన్ బాక్సరు తన తూకంలోనే ఉండాలా, పై తూకానికి వెళ్లాలా అని గంటసేపు వాదించుకుంటుంటే నాకు నవ్వు ఆగలేదు. తొంభై దాటిన ఈ ముసల్దానికి బాక్సింగులో ఏం అర్థమైందని మా మనవరాలు వింతగా చూసింది. దానికేం తెలుసు, సరిగ్గా అదే వాదన బోయిగూడలో మా అత్తగారింట్లో, పోలీసు చర్య జరిగిన ఏడు, పొయ్యి దగ్గరా నీళ్ల కుండ దగ్గరా రోజుల తరబడి నడిచిందని, అది తేలిన తీరుకు కారణం నేనేనని!

మా ఆయన రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. పెళ్లి మాటలప్పుడు ఉద్యోగం సంగతి చెప్పారు గానీ బాక్సింగు సంగతి మావాళ్లకు ఎవరూ చెప్పలేదు. పదహారేళ్ల పిల్లను, కాపురానికి వచ్చిన వారానికే ఆయన కన్ను వాచి ఇంటికొస్తే తాగి కొట్లాడే మనిషికి ఇచ్చి నా గొంతు కోశారనుకుని ఏడ్చాను. మా అత్తగారు పడీ పడీ నవ్వి, గోడకు తగిలించిన మూడు పతకాలు చూపించింది. మూడేళ్లుగా ఫెదర్ వెయిట్‌లో ఆయనను ఓడించినవాడు లేడట. ఆ ఆటలో ఎవరు పడితే వారితో తలపడరని, తూకం కట్టి ఈడూజోడూ చూసి మరీ దించుతారని నాకు అప్పుడే తెలిసింది.

ఆయనకు ఆట నేర్పిన వస్తాదు మా వెనక గల్లీలో ఉండే ముసలి సాయిబు. కంటోన్మెంటులో తెల్ల సిపాయిల దగ్గర నేర్చుకున్నాడట. మాతో తెలుగే మాట్లాడేవాడు. వారానికోసారి వచ్చి, సంతలో మేకను కొనేవాడిలా, మా ఆయన నడుం దగ్గర కండను రెండు వేళ్లతో పట్టి చూసి, ఇన్ని పౌండ్లని చెప్పేవాడు. అది ఎన్నడూ తప్పేది కాదు. పెళ్లయ్యాక ఆ వేళ్ల మధ్యకు కండ ఎక్కువ రావడం మొదలైంది. అప్పుడు మొదలైంది రచ్చ. కొత్త పెళ్లికొడుకును కడుపు మాడ్చడం పాపం, కడుపునిండా తిని పై తూకంలోనే కొట్లాడనీ అని అత్తగారు. వస్తాదు ససేమిరా ఒప్పుకోడు. "అమ్మా, కింద ఉంటె నీ కొడుకు రాజు, మీదికి పోతె నలుగురిల ఒకడు," అనేవాడు. పైన లైట్ వెయిట్‌లో గెలుస్తున్నవాడు లోకో షెడ్డులో బొగ్గు ఎత్తే మనిషి, దూలాల్లాంటి చేతులు, ముందటేడు ఒకడి దవడ విరగ్గొట్టాడు. పైకి అనలేదు గానీ నేను వస్తాదు పక్షమే. ఆ దవడ మాట విన్న దగ్గర్నుంచి నాకు అన్నం సహించలేదు.

ఇంతలో ఆ పాడు రోజులు ముదిరాయి. రజాకార్ల భయానికి ఊళ్లకు ఊళ్లు కదిలిపోయాయి. కాప్రాలో ఉండే మా అమ్మానాన్నలు కూడా ఇల్లు విడిచి చుట్టాల పంచన చేరారని తెలిసింది గానీ, ఉన్నారో పోయారో చాలా రోజులు కబురు లేదు. పోటీలూ ఆగిపోయాయి. సైన్యం వచ్చి, అయిదు రోజుల్లో అంతా ముగిసి, జనం ఊపిరి పీల్చుకుని ఇళ్లకు తిరిగొస్తున్నప్పుడు రెండు కబుర్లు ఒకే వారంలో వచ్చాయి. ఒకటి, దసరా అయిన వారానికి పోటీలు. రెండోది, మా నాన్న స్వయంగా వచ్చి కొత్త అల్లుణ్ని మొదటి దసరాకు పిలవడం. పోనంటే ఊళ్లో మావాళ్లకు తలవంపులు. బండిలో కాప్రా వెళ్తుంటే ఆయన మెల్లగా నా వైపు వంగి, "మీ అమ్మకు జెర చెప్పు, నెయ్యి గిట్ల ఎక్కువ వెయ్యొద్దని," అన్నారు. నేను తల ఊపాను.

ఊపాను గానీ చెప్పలేదు. నా ఈడు ఆడవాళ్లకు ఇది విడమర్చి చెప్పనక్కర్లేదు. మొదటి పండక్కి వచ్చిన అల్లుడు వద్దన్నాడంటే అలిగాడని అర్థం, అలిగాడంటే మర్యాదలో లోటు జరిగిందని అర్థం. అత్తలు అల్లుళ్ల ఎదుట పడని రోజులు. అమ్మ తలుపు చాటున నిలబడి, అల్లుడికి ఇంకో గారె వెయ్యమని నాకు చెప్పేది, నేను వేసేదాన్ని. మటన్ పులుసు, గారెలు, భక్ష్యాలు, మూడు రోజులు రెండు పూటలా అదే వరస. మొదటి పూటే మా నాన్న మాటల మధ్య చెప్పాడు, ఇల్లు విడిచిపోయేటప్పుడు మీ అత్త నగలమూట మరిచిపోయింది గానీ నేతికుండ మరవలేదు, అల్లుడి దసరాకని ఆ నాలుగు నెలలూ ఎవరినీ ముట్టనివ్వలేదని. ఆయన చెయ్యి విస్తరిలో ఒక్క క్షణం ఆగింది. తరవాత తల వంచుకుని భక్ష్యం మీద పోసిన నెయ్యంతా తిన్నారు.

తిరిగొచ్చిన రోజు వస్తాదు నడుం పట్టి చూసి, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "ఏందిర బేటా, పండగకు పోయినవా, పందెం ఓడనీకి పోయినవా?" అని కూలబడ్డాడు. ఆ వారమంతా ఆయన కంబళి కప్పుకుని రైలు పట్టాల వెంట పరుగెత్తారు, నోట్లో నీళ్లు పుక్కిలించి ఉమ్మేశారు గానీ మింగలేదు. పెదవులు పగిలిన ఆయనను చూస్తూ నేను ఒక్కో ముద్ద మింగడానికి చచ్చేదాన్ని. అయినా పోటీ నాటి పొద్దున కాటా మీద మూడు పౌండ్లు ఎక్కువే తేలాయట. ఇంకా రెండు గంటలున్నాయి, ఉడుకునీళ్ల ఆవిరి పట్టి కరిగిద్దామని వస్తాదు చెయ్యి పట్టుకుంటే, ఆయన మెల్లగా విడిపించుకుని లైట్ వెయిట్‌లో పేరు రాయమన్నారట.

సాయంత్రం మా అత్తగారు నన్ను వెంటబెట్టుకుని వెళ్లి, పోటీ జరిగే హాలు వరండాలో, కిటికీ పక్కన నిలబడింది. అంతమంది మధ్య ఒంటి మీద చొక్కా లేకుండా ఆయనను చూడటం అదే మొదలు, సిగ్గుతో సగం, భయంతో సగం చచ్చిపోయాను. అవతలివాడు నిజంగానే కొండ. మొదటి దెబ్బకే ఆయన వెనక్కి తూలారు. కానీ ఆ తరవాత చూశాను చూడండి, ఆ నాటికీ ఈ నాటికీ అంతటి వింత నా కళ్లు ఎరగవు. పడతారు, లేస్తారు, దెబ్బ తిన్నవైపే మళ్లీ అడుగు వేస్తారు. ఇంట్లో నీళ్ల బిందె అందించినా తడబడే నెమ్మదస్తుడు ఈయనేనా అనిపించింది. మూడో రౌండు ముగిసేదాకా నిలిచారు. ఓడిపోయారు. గెలిచినవాడే వచ్చి ఆయన చెయ్యి పట్టి పైకెత్తాడు. ఫెదర్ వెయిట్ పతకం ఆ రోజే ఇంకెవరో పట్టుకుపోయారు.

మర్నాడు వాచిన మొహానికి వేడి గుడ్డ అద్దుతూ, దాచుకోలేక, అమ్మకు చెప్పలేదండీ అని ఏడ్చేశాను. ఆయన నా చెయ్యి ఆపి, "నువ్వు చెప్పలేదని నాకు మొదటి పూటే తెల్సు. చెప్పినా తినేటోన్నే. పానం అరచేతిల పెట్టుకొని తెచ్చిన కుండ అది, వద్దని ఎట్లంటం?" అన్నారు. కొండలాంటివాడి ముందు నిలబడ్డ మనిషి కంటే, మూడేళ్ల పతకం పోతుందని తెలిసీ ఆ విస్తరి ముందు తలవంచిన మనిషే నాకు ఆ క్షణాన పెద్దగా కనిపించాడు.

ఆయన ఇంకో రెండేళ్లు ఆ పై తూకంలోనే ఆడారు, ఒక్క పతకమూ తేలేదు. ఇప్పుడు మా ఇంట్లో పిల్లలు నెయ్యి వద్దని మొహం మీదే చెప్పేస్తారు, పెట్టేవాళ్లూ ఏమీ అనుకోరు. ఒంటికి అదే మంచిదని డాక్టర్లూ అంటున్నారు, కాదనను. మా అమ్మకు మాత్రం చివరిదాకా ఈ సంగతి తెలియదు. మా అల్లుడు నా చేతి నెయ్యి తిన్నాకే పెద్ద పెద్దోళ్లతోని కొట్లాడే బలమొచ్చిందని కాప్రా అంతా చెప్పుకుంటూ తిరిగేది. ఆ మాట ఎవరైనా ఎదుటపడి అడిగితే ఆయన ఎప్పుడూ అవుననే అనేవారు.